కడప రాయి అరలో రెండడుగుల ఆక్వేరియం పెట్టొచ్చా? సపోర్టు ఎలా ఇవ్వాలి?

గుంటూరు_గప్పీ:
అందరికీ నమస్తే. మాది పాత డాబా ఇల్లు. హాల్లో గోడకి ఆనించి కట్టిన అర ఉంది. అన్నీ కడప రాళ్లే. వెడల్పు 40 అంగుళాలు, లోతు 14, రాయికీ రాయికీ మధ్య 20 అంగుళాల ఎత్తు. కింది నుంచి రెండో రాయి మీద రెండడుగుల తొట్టి (24 × 12 × 12 అంగుళాలు) పెట్టి గప్పీలు, మోలీలు పెంచాలని ఆశ. దాని పైరాయి మీద ఫైటర్ చేప కోసం ఒక అడుగు పొడవు తొట్టి. షాపాయన "రాయే కదమ్మా, ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు. మా నాన్నగారు మాత్రం ససేమిరా అంటున్నారు. బాల్కనీలో బోల్టులతో బిగించే ఇనప రాక్ కూడా ఒకటి ఉంది. ఎక్కడ పెడితే మంచిది? ఏదైనా సపోర్టు ఇవ్వాలా?

లెక్కల_మాస్టారు:
ముందు బరువు ఎంతో తేల్చుకుందాం అమ్మా. మీ తొట్టి సరిగ్గా రెండు ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, అంటే నిండా పోస్తే 56 లీటర్ల పైన. పైన అంగుళం వదిలేస్తే 52. లీటరు నీళ్లు కిలో. 5 మి.మీ. అద్దం చదరపు మీటరుకి పన్నెండున్నర కిలోలు తూగుతుంది కాబట్టి తొట్టి ఒక్కటే 9 కిలోలు. అడుగున రెండంగుళాల గులకరాళ్లు పోస్తే 15 కిలోలు, కానీ అవి ఐదారు లీటర్ల నీళ్లను బయటికి నెడతాయి. మూత, ఫిల్టరు కలుపుకొని మొత్తం 70 నుంచి 75 కిలోలు అనుకోండి. అడుగు తొట్టి ఇదే పద్ధతిలో 40 కిలోల లోపు వస్తుంది.

అంటే ఓ పెద్ద మనిషిని రాయి మీద కూర్చోబెడుతున్నారు. ఆయన ఇక లేవడు.

పాత_మిద్దె:
మాది జమ్మలమడుగు వైపు. ఈ రాళ్లు తీసే ఊళ్ల మధ్యే పుట్టి పెరిగినోణ్ణి. మా ఇంట్లో ఇట్లాంటి అరల మీదే 25 కిలోల బియ్యం బస్తాలు మూడేసి పెడతాం. మా జేజి కాలం నుంచి ఒక్క రాయి ఇరగలేదు. ఊరికే భయపడొద్దండి మేడమ్. పెట్టేయండి.

రసమట్టం:
నేను సివిల్ ఇంజనీర్‌ని. పాత_మిద్దె గారు చెప్పింది అబద్ధం కాదు, కానీ బియ్యం బస్తాకీ అద్దాల తొట్టికీ చాలా తేడా ఉంది. బస్తా నెలనెలా ఖాళీ అవుతుంది. రాయి కాస్త వంగినా, ఒక పక్క ఎత్తుగా ఉన్నా బస్తాకి పట్టదు, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. తొట్టి అడుగు అద్దం సర్దుకోదు. అది ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ ఆనుతుంది, మిగతా చోట గాల్లో ఉంటుంది. అప్పుడు అద్దం మూల నుంచి నెర్రె ఇస్తుంది, లేదా సిలికాన్ జాయింటు దగ్గర నీళ్లు ఊరడం మొదలవుతుంది. అర విరిగి తొట్టి పడిపోవడం అరుదు. అర వంగి తొట్టి కారడమే ఎక్కువగా చూస్తాం. కాబట్టి "ఎన్ని కిలోలు ఆగుతుంది" అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు.

ఇక కడప రాయి సంగతి. నేల మీద పరిచినప్పుడు దాని మీద ఎంత బరువు పెట్టినా నలిగేది కాదు. రెండు చివర్లా గోడలో దూర్చి మధ్యలో బరువు పెడితే కథ మారుతుంది. రాయి కింది ముఖం సాగాల్సి వస్తుంది, రాయి సాగలేదు. చెక్కయితే వంగుతుంది, ఇనుమైతే వంగుతుంది, మనకి ముందే తెలుస్తుంది. రాయి చెప్పాపెట్టకుండా ఒక్క దెబ్బకి విరుగుతుంది. లోపల సన్నటి నెర్రె ఉందో లేదో పైనుంచి కనపడదు. పైగా ఇది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి.

మూడు విషయాలు చూసి చెప్పండి. రాయి మందం ఎంత? గోడలోకి ఎంత లోతు దిగింది? కింద ఎక్కడైనా గీతలాంటి పగులు ఉందా? చెక్క సుత్తితోనో వేలి కణుపుతోనో తట్టి చూడండి, ఖంగుమంటే సరే, బోలు శబ్దం వస్తే ఆ రాయి జోలికే వద్దు. ఖంగుమన్నంత మాత్రాన భరోసా అని కాదు.

గుంటూరు_గప్పీ:
చూశానండి. ముందు అంచు దగ్గర మందం ముప్పావు అంగుళం. అంగుళం ఉంటుందనుకున్నా. గోడలోకి ఎంత దిగిందో తెలియట్లేదు, ప్లాస్టరింగ్ కప్పేసింది. తడితే అన్నీ బాగానే మోగుతున్నాయి, పైనుంచి రెండోది తప్ప. దాంట్లో శబ్దం కాస్త తేడాగా ఉంది.

రసమట్టం:
వంపుకి తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంగుళం రాయితో పోలిస్తే ముప్పావు అంగుళం రాయి బలం 56 శాతమే. వంగకుండా నిలిచే బిగువు అయితే మందం ఘనాన్ని బట్టి, అంటే 42 శాతం. పావు అంగుళమే కదా అనుకుంటాం గానీ దాదాపు సగం పోయింది. సపోర్టు లేకుండా 75 కిలోలు పెట్టమని నేను చెప్పను. ఆ బోలుగా మోగిన రాయి మీద పుస్తకాలు కూడా తగ్గించండి.

ఆటోనగర్_వెల్డర్:
అక్కా, విజయవాడ ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఇదేం పెద్ద పని కాదు. రెండో రాయి కింద మధ్యలో చదరం పైపు ముక్క ఒకటి నిలబెట్టి బిగించేస్తే అయిపోద్ది. పావుగంట పని.

రసమట్టం:
తమ్ముడూ, ఆ పైపు ముక్క దేని మీద నిలబడుతుంది? మొదటి రాయి మీద. అంటే 75 కిలోల్లో సగానికి పైగా బరువును తీసుకెళ్లి మొదటి రాయి నడిబొడ్డున ఒక్క చోట గుచ్చినట్టు. పైరాయిని కాపాడి కిందిరాయిని విరగ్గొడతాం. సపోర్టు అన్నాక బరువు నేల దాకా నేరుగా దిగాలి. ఒక అర కింద పెట్టిన కాలికి సరిగ్గా కింద, తర్వాతి అరలో ఇంకో కాలు ఉండాలి, అలా గచ్చు దాకా.

దానికన్నా తొట్టిని మొదటి రాయి మీదకే దించేయడం మంచిది. దాని కింద నేలే కాబట్టి ఒక్క ఫ్రేముతో పని అయిపోతుంది. గప్పీ గారూ, కింది గదిలో ఇప్పుడేముంది?

గుంటూరు_గప్పీ:
పాత పేపర్లు, చెప్పుల స్టాండు. తీసేయొచ్చు. కానీ అంత కిందనా! కుర్చీలో కూర్చుంటే చేపలు కళ్లెదురుగా కనపడాలని నా ఆశ.

భాగ్యనగర్_బెట్టా:
అక్కా, కింద ఉంటేనే హాయి. నీళ్లు మార్చేటప్పుడు సైఫన్ పైపు బకెట్లోకి దిగాలంటే తొట్టి బకెట్ కన్నా ఎత్తులో ఉంటే చాలు. ఛాతీ ఎత్తులో ఉన్న అరలోకి చెయ్యి దూర్చి అద్దం గీకడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీకు 20 అంగుళాల ఎత్తులో తొట్టికి 12 పోతే 8 మిగులుతుంది. మూత, లైటు పోను చెయ్యి పట్టేంతే.

ఇదే అదనుగా నాదీ ఒక సందేహం. మాది కూకట్‌పల్లిలో కొత్త ఫ్లాట్. గోడలకి ఎల్ బ్రాకెట్లు కొట్టి చెక్క పలక వేసి దాని మీద అడుగు తొట్టి పెడదామనుకుంటున్నా. డ్రిల్లు పెడితే గోడ వెన్నలా దిగిపోతోంది, తెల్ల పొడి రాలుతోంది. ప్లాస్టిక్ ప్లగ్ వేసి స్క్రూ బిగిస్తే చాలా?

రసమట్టం:
తెల్ల పొడి అంటే ఏఏసీ బ్లాకు. లోపలంతా గాలి బుడగలు. ఎర్ర ఇటుకలో పట్టినట్టు మామూలు ప్లగ్ అందులో పట్టదు. మొదట బిగుసుకున్నట్టే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న బ్లాకు పొడై వదులవుతుంది. దానికి ప్రత్యేకంగా ఏఏసీ యాంకర్లు గానీ, కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురు పోసి బిగించే బోల్టులు) గానీ వాడాలి.

బ్రాకెట్ కొలత కూడా ముఖ్యమే. తొట్టి లోతు 12 అంగుళాలైతే బరువు గోడ నుంచి 6 అంగుళాల దూరంలో లాగుతుంది. 40 కిలోలని 6తో గుణిస్తే 240. బ్రాకెట్ నిలువు కాలు 12 అంగుళాలుంటే పై స్క్రూల మీద బయటికి లాగే బలం మొత్తం 20 కిలోలు. అదే కాలు 4 అంగుళాలుంటే 60 కిలోలు. బరువు మారలేదు, లాగుడు మూడింతలైంది. ఇది కాక కిందికి 40 కిలోలు ఎటూ ఉన్నాయి. అందుకని నిలువు కాలు పొడుగ్గా, మధ్యలో ఏటవాలు దన్ను ఉన్న బ్రాకెట్లే తీసుకోండి. నా మాట వింటే మాత్రం ఆ గోడకి నీళ్ల తొట్టి వేలాడదీయకండి. రెండు కాళ్లు నేలకి దించేయండి, గోడ స్క్రూలు ముందుకి పడకుండా పట్టుకోవడానికి మాత్రం ఉంచండి.

టెక్సాస్_తెలుగమ్మాయి:
మా దగ్గర ఇళ్లన్నీ చెక్కవే కాబట్టి పైఅంతస్తులో ఎక్కడ పెట్టాలన్నది కూడా చూస్తాం. నేల కింద చెక్క దూలాలు ఏ దిక్కుగా ఉన్నాయో చూసుకుని వాటికి అడ్డంగా, గోడ దగ్గరగా పెడతాం. ఇక్కడ అందరూ మొదలుపెట్టేది 10 గ్యాలన్ల తొట్టితో, అంటే 38 లీటర్లు. నింపితే 50 కిలోల దాకా ఉంటుంది. డబ్బాలో ముక్కలుగా వచ్చే పుస్తకాల రాక్ మీద పెట్టాలనుకున్నా. దాని పలక లోపల తేనెపట్టులాంటి అట్టే ఉంటుందని తెలిసి మానేశా. మన ఇండియా ఫ్లాట్లలో స్లాబుకి ఇబ్బంది ఉండదా?

రసమట్టం:
మన దేశ నిర్మాణ కోడ్ ప్రకారం ఇంటి గదుల స్లాబులను చదరపు మీటరుకి సుమారు 200 కిలోల అదనపు బరువు మోసేలా డిజైన్ చేస్తారు. ఒకటి రెండు చిన్న తొట్లతో ఆ స్లాబుకి దిగులు లేదు. ఆరడుగుల తొట్టి అయితే వేరే మాట.

పాత_మిద్దె:
సార్ చెప్పింది ఇన్నాక మా ఇంట్లో రాళ్లు కూడా తట్టి చూసినా, అన్నీ ఖంగుమంటాండాయి 🙂 అయినా ఒక మాట. అంత అనుమానం ఉంటే ఆ రాయి తీసేసి అంగుళంన్నర రాయి కొత్తది వేయించుకోవచ్చు కదా? మా ఎర్రగుంట్ల వైపు ఎంత మందం కావాలన్నా దొరకతాది.

రసమట్టం:
వేయించుకోవచ్చు. మందం రెట్టింపు అయితే బలం నాలుగింతలు, మంచి ఆలోచనే. కానీ రాయి మార్చాలంటే గోడ తొలవాలి, పైరాళ్లు కదులుతాయి. పాత ఇంట్లో ఆ పని పెట్టుకోవడం కన్నా ఫ్రేము తేలిక.

ఆటోనగర్_వెల్డర్:
సరే సార్, అర్థమైంది. అయితే ఇలా చేద్దాం. కింది గదిలో పట్టేలా బల్లలాంటి ఫ్రేము. పైన 35 × 35 × 5 మి.మీ. యాంగిల్‌తో (ఎల్ ఆకారపు ఇనప కడ్డీ) చట్రం, మధ్యలో అడ్డంగా రెండు యాంగిళ్లు, నాలుగు మూలలా అంగుళంన్నర చదరం పైపు కాళ్లు. కాళ్ల కింద మూడంగుళాల ఇనప పలక ముక్కలు వెల్డింగ్, లేకపోతే గచ్చు మీద గుచ్చుకుంటాయి. వెల్డింగ్ పొక్కులు పైవైపు ఉంటే గ్రైండ్ చేసి చదును చేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఒక్క పొక్కు చాలు రాయిని పైకి లేపడానికి. అంతా అయ్యాక తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టి, ఆరాక ఎనామిల్ రెండు కోట్లు. లోపలి మూలల్లో రంగు పడకపోతే తుప్పు అక్కణ్ణుంచే మొదలు.

ఫ్రేము ఎత్తు రాయి కింది మట్టం కన్నా ఐదారు మి.మీ. తక్కువే పెట్టాలక్కా. సరిగ్గా కొలత పెడితే లోపలికి దూరదు.

రసమట్టం:
ఇప్పుడు సరిగ్గా చెప్పావు. ఆ ఐదారు మి.మీ. సందులోనే అసలు పనితనమంతా ఉంది. మేకులు, చెక్క చీలికలు దిగ్గొట్టి బిగించకూడదు. ఎక్కువ బిగిస్తే రాయి పైకి లేచి, గోడలో ఉన్న చివర్ల దగ్గర పై ముఖం సాగి అక్కడ విరుగుతుంది. ఫ్రేముని పెట్టి, రసమట్టంతో చూసి, సందులో కుంచించుకుపోని గ్రౌట్ (సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం) గట్టిగా కలిపి కూరాలి. అది పూర్తిగా గట్టిపడే దాకా పైన బరువు పెట్టొద్దు. ఆరాక రాయి తన బరువు తాను మోసుకుంటుంది, తొట్టి బరువు ఫ్రేములోకి దిగుతుంది.

లెక్కల_మాస్టారు:
ఇంకో లెక్క. అర వెడల్పు 40 అంగుళాలు. పెద్ద తొట్టి 24, చిన్నది 12. రెండూ కలిస్తే 36. పైరాయి మీద వేరుగా పెట్టే బదులు రెండూ పక్కపక్కనే ఒకే రాయి మీద పట్టేస్తాయి కదా! మొత్తం 115 కిలోల లోపే. ఫ్రేము 36 అంగుళాలు చేయించుకుంటే రెండింటికీ అదే చాలు.

గుంటూరు_గప్పీ:
మాస్టారూ, మీకు దండం! నాకు తట్టనే లేదు. కానీ ఫైటర్‌కి పక్క తొట్టిలో గప్పీలు కనిపిస్తే ఊరుకుంటుందా?

భాగ్యనగర్_బెట్టా:
రోజంతా మొప్పలు విప్పి వాటి మీదకి దూకుతూనే ఉంటుంది. మధ్యలో నల్ల అట్ట పెట్టేయండి. ఇంకో సంగతి, తొట్ల మధ్య వేలు దూరేంత సందు ఉంచండి, ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్‌బోర్డు ఎక్కడుంది? తొట్టికి కింద ఉంటే వైరు నేరుగా ప్లగ్గులోకి దిగేలా పెట్టకండి. వైరు ఒకసారి ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు వైరు మీదుగా జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది.

నీళ్లమోటు:
ఇదంతా చదివి మా ఇంట్లో టీవీ యూనిట్ వైపు చూస్తే టెన్షన్ వచ్చేసింది. పార్టికల్ బోర్డుతో చేసింది. దాని మీద ఏడాదిగా 30 లీటర్ల తొట్టి ఉంది. మధ్యలో కొంచెం దిగినట్టు అనిపిస్తోంది. కింద థర్మోకోల్ షీట్ వేశాను కాబట్టి పర్లేదా?

భాగ్యనగర్_బెట్టా:
థర్మోకోల్ ఇసుక రేణువులాంటి చిన్న చిన్న ఎత్తుపల్లాలను మింగుతుంది, అంతే. పలకే వంగిపోతుంటే దానితో పాటు థర్మోకోల్ కూడా వంగుతుంది. అడుగు అద్దం నేరుగా ఆనే తొట్టికి మాత్రమే అది వేయాలి. చుట్టూ ప్లాస్టిక్ అంచు ఉన్న తొట్టికి వేస్తే అంచు దిగబడి, షీటు మధ్యలో అద్దాన్ని పైకి నెడుతుంది.

రసమట్టం:
నీళ్లమోటు గారూ, ఒక దారం తీసుకుని పలక కింది అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివరకి బిగుతుగా పట్టుకోండి. మధ్యలో పలక దారం కన్నా ఎంత కిందికి దిగిందో స్కేలుతో కొలవండి. చెక్క జాతి పలకలన్నీ బరువు కింద రోజురోజుకీ ఇంకాస్త వంగుతూనే ఉంటాయి, పార్టికల్ బోర్డు మరీ ఎక్కువ. తడి తగిలితే ఉబ్బి, స్క్రూలు ఊడి వస్తాయి.

నీళ్లమోటు:
కొలిచాను. 5 మి.మీ. దిగింది.

రసమట్టం:
ఇవాళే సగానికి పైగా నీళ్లు తోడేయండి. చేపలను వేరే టబ్బులోకి మార్చి తొట్టిని ఖాళీగా కిందికి దించండి. నీళ్లుండగా ఎత్తొద్దు. పలక మధ్యలో, దాని కింద నేల దాకా నిలువు పలక ఒకటి పెట్టించండి. ఆనికల మధ్య దూరం సగమైతే వంపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంతకన్నా చవకైన మందు లేదు. పైన 19 మి.మీ. మెరైన్ ప్లై వేయించండి, ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి. పైపొర ఈనెలు పొడవు వైపు ఉండేలా కోయమని వడ్రంగికి చెప్పండి. కోసిన అంచులకి వార్నిష్ పట్టించడం మరిచిపోవద్దు, నీళ్లు దూరేది అక్కణ్ణుంచే.

గుంటూరు_గప్పీ:
మరి బాల్కనీలో ఉన్న నా ఇనప రాక్ సంగతి? అమ్మినవాళ్లు అరకి 100 కిలోలు అన్నారు.

ఆటోనగర్_వెల్డర్:
ఆ 100 కిలోలు అర మొత్తం మీద సమానంగా పరిస్తే అక్కా. తొట్టి మధ్యలో పెడితే ఆ రేకు పళ్లెంలా దిగిపోద్ది. ప్లై పలక వేసి, అది రేకు మీద కాకుండా ముందూ వెనకా యాంగిళ్ల మీద ఆనేలా చూడాలి. నాలుగు మూలలకీ త్రికోణం ప్లేట్లు బిగించాలి, వెనకాల పట్టీలు ఇంటూ గుర్తులా అడ్డంగా కొట్టాలి. అవి లేకపోతే రాక్ పక్కకి ఊగుద్ది. తొట్లో నీళ్లు ఊగేకొద్దీ బోల్టులు వదులవుతాయి. మీ చేత్తో రాక్ పైభాగం పట్టుకుని ఊపి చూడండి, తెలిసిపోద్ది.

లెక్కల_మాస్టారు:
రాక్‌కైనా చెక్క పలకకైనా తొట్టి పెట్టే ముందు 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులతో పరీక్ష పెట్టండి. టిన్నుతో కలిపి ఒక్కోటి 21 కిలోల దాకా ఉంటుంది. నాలుగు పెడితే రెండడుగుల తొట్టికి మించిన బరువు. కొన్నాళ్లు అలా వదిలేసి రోజూ దారంతో కొలవండి. వంపు ఒక చోట ఆగిపోతే మంచిదే, పెరుగుతూ పోతే వద్దు. రాతి అరకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, సార్ చెప్పినట్టు రాయి ముందుగా సూచన ఇవ్వదు.

పాత_మిద్దె:
ఊగడం అంటే గుర్తొచ్చింది. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, మా బామ్మర్ది ఖమ్మంలో ఉంటాడు. తొట్లో నీళ్లు అంచు దాటి గది నిండా పడినాయంట. తొట్టి మటుకు కదల్లేదు. ఎందుకంటే అర ముందు అంచుకి చెక్క బీడింగ్ (అడ్డుపట్టీ) కొట్టించినాడు.

రసమట్టం:
అది అందరూ చేయించుకోవాల్సిందే. అర అంగుళం ఎత్తు చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే రాక్ పైభాగాన్ని గోడకి కూడా బిగించండి, వాళ్లు పట్టుకుని ఎక్కుతారు.

గుంటూరు_గప్పీ:
నాన్నగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. "ఆ ఇంజనీరు గారెవరో నాలాగే ఆలోచిస్తున్నారు" అని మురిసిపోయారు. మొదటి రాయి మీదే రెండు తొట్లూ, కింద 36 అంగుళాల ఫ్రేము. మా వీధి చివర వెల్డింగ్ షాపులో మాట్లాడాను. ఆయన అంగుళం యాంగిల్ 3 మి.మీ. చాలంటున్నాడు. ఒప్పుకోవాలా?

ఆటోనగర్_వెల్డర్:
కాళ్లు నాలుగే అయితే ఒప్పుకోకండి. ముందు వరసలో మధ్యన ఐదో కాలు, వెనక మధ్యన ఆరోది వేస్తానంటే అంగుళం యాంగిల్ సరిపోద్ది. చెప్పుల స్టాండుకి చోటు పోద్ది, అంతే.

గుంటూరు_గప్పీ:
చెప్పులు ఎలాగూ గుమ్మం బయటికే వెళ్తాయి. ఆరు కాళ్లే చెప్పేస్తాను. గ్రౌట్ బస్తా మొత్తం కొనాలా, చిన్న ప్యాకెట్లు దొరుకుతాయా?

రసమట్టం:
పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో విడిగా అడిగి చూడండి. దొరక్కపోతే దగ్గర్లో బిల్డింగ్ పని జరుగుతున్న చోట మేస్త్రీని అడిగితే రెండు కిలోలు ఇస్తాడు, మీకు అంతకన్నా అక్కర్లేదు. నీళ్లు మాత్రం ఎక్కువ పోయనివ్వకండి, చేత్తో ఉండ కడితే నిలబడేంత గట్టిగా ఉండాలి.